ముట్టుకోకూడని ఫైలు

తెర మీద ఎర్ర పెట్టె మళ్ళీ వచ్చింది. వస్తుందని తెలిసే కూర్చున్నప్పటికీ, వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. "ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరుకు హాని చేయవచ్చు" అని ఒక వాక్యం, దాని కిందే "తొలగించాము" అని ఇంకో వాక్యం. చేయవచ్చు అనేది అనుమానం, తొలగించాము అనేది శిక్ష. మధ్యలో విచారణంటూ ఏమీ లేదు. లిఫ్టు మెకానిక్కు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకున్నాడు. వేళ్ళకున్న గ్రీజు కాస్తా కనురెప్పలకు అంటుకుంది.

ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ అక్కగారింటి ముందుగది. టేబులు మీద అక్క ఆఫీసువాళ్ళు కొత్తగా ఇచ్చిన ల్యాప్‌టాప్. ఎదురుగా, మోచేతుల కింద రెండు దిళ్ళు పెట్టుకుని అక్క.

"ఏమంటోందిరా బుడ్డోడా?" అంది. బుడ్డోడికి నలభై మూడేళ్ళు.

"దొంగ అంటోంది."

"నిన్నా, నీ ప్రోగ్రామునా?"

"ఇద్దరినీ కలిపే అంటున్నట్టుంది."

వంటింట్లోంచి బావ గొంతు వినిపించింది. "ఇంత తెలివైన మిషను నా పెళ్ళికి ముందే ఉండాల్సిందిరా. మీ ఇంటివాళ్ళని గుమ్మంలోనే ఆపేసేది."

"నువ్వు గిన్నెలు కడుగు," అంది అక్క.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, సంగతి నవ్వులాట కాదు. అక్క పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఆరేళ్ళ కిందట ఆమె ఎడమచేయి బరువెక్కింది. ఆ తర్వాత కుడిచేయి. కండరాలు ఒక్కొక్కటే పని మానేసే జబ్బట. డాక్టర్లు జబ్బుకు పేరు చెప్పారు, మందు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు రెండు చేతుల్లోనూ కలిపి ఆమె మాట వినేది కుడి చూపుడువేలు ఒక్కటే. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు, ఇంటిల్లిపాదికీ సరిపడా ఉంది.

ఆ ఒక్క వేలి కోసం తమ్ముడు ఒక ప్రోగ్రాము రాశాడు. లిఫ్టులు బాగుచేసుకునేవాడికి ప్రోగ్రాములెందుకయ్యా అంటారేమో, ఈ రోజుల్లో లిఫ్టు సగం తాడైతే సగం కంప్యూటరు. నేర్చుకోక చస్తాడా. ఆ ప్రోగ్రాముకు నిదానం అని పేరు పెట్టాడు. తెర అడుగున అక్షరాల వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. కావలసిన వరస వెలిగినప్పుడు అక్క స్పేస్‌బార్ నొక్కుతుంది. అప్పుడా వరసలో అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి, కావలసినది రాగానే మళ్ళీ నొక్కుతుంది. ఏ ఫైలు తెరిచి ఉంటే ఆ ఫైల్లో ఆ అక్షరం పడుతుంది. బజారులో దొరికేవి రెండు తెచ్చి చూశారు. ఒకదానికి గుణింతాలు పెట్టడం రాలేదు, రెండోది ఆఫీసువాళ్ళ ప్రూఫుల్లోకి అక్షరాన్ని పంపలేకపోయింది. నిదానమే గతి. ఎవరికైనా పనికొస్తుందిలే అని తమ్ముడు దాన్ని ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టాడు. ఓ అరవై మంది దాకా దించుకున్నారు. ఒకావిడయితే, "మా మామగారు దీంతో మొట్టమొదట నన్నే తిట్టారండీ, చాలా సంతోషం" అని ఉత్తరం రాసింది.

అదంతా పాత కంప్యూటర్ల కాలం. ఇప్పుడు ఆఫీసులో అన్నీ మార్చేశారు. వాటిలోని కాపలా సాఫ్ట్‌వేరు కొత్తగా ఉద్యోగంలో చేరిన వాచ్‌మన్‌లా ఎవరొచ్చినా అడ్డం పడుతోంది. నిదానం ఏ ఫైల్లో ఉన్నా మీట నొక్కడాన్ని కనిపెడుతుంది, అక్షరాన్ని తనే పంపుతుంది. సరిగ్గా ఆ రెండు పనులే, మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా పట్టుకుపోయే సాఫ్ట్‌వేర్లూ చేస్తాయి. పైగా నిదానానికి, ఇది ఫలానావాళ్ళదని చెప్పే కంపెనీ ముద్ర లేదు. ఆ ముద్ర పడాలంటే కంపెనీ అయి ఉండాలట. తమ్ముడు కంపెనీ కాదు, మనిషి.

మర్నాడు పని మధ్యలో అక్క ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ కంప్యూటర్లన్నీ చూసే సిస్టమ్స్ ఆయన సన్నగా, నిద్రచాలని ముఖంతో ఉంటాడు. తమ్ముడు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మీ అక్కగారంటే నాకు గౌరవమండీ. కానీ నా గౌరవంతో పని జరగదు. రెండేళ్ళ కిందట బొమ్మల సెక్షనులో ఒకాయన ఫ్రీగా వచ్చిందని ఓ క్యాలెండరు ఎక్కించాడు. పిల్లిపిల్లల బొమ్మలతో ఎంత ముద్దుగా ఉండేదో. దాంట్లోంచి వైరస్ పాకి తొమ్మిది రోజులు ఆఫీసు మూతపడింది. ఆ తొమ్మిది రోజులూ నేను ఇంటి ముఖం చూళ్ళేదు."

"మాది పిల్లుల ప్రోగ్రాము కాదండీ."

"తెలుసండీ. కాదని నేను పైవాళ్ళకి కాగితం మీద చూపించాలి." ఇంటర్నెట్లో ఒక చోటుందని చెప్పాడాయన. ఫైలు ఇస్తే డెబ్బై కంపెనీల కాపలా సాఫ్ట్‌వేర్లు దాన్ని పరీక్షించి మాట చెబుతాయి. "డెబ్బైలో ఒక్కటి కూడా అనుమానం అనకూడదు. సున్నా తెండి, నా అనుమతి జాబితాలో పెట్టేస్తాను. అది పేరు చూసి పెట్టే జాబితా కాదండోయ్. ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటిదొకటి ఉంటుంది, దాన్ని పెడతాం."

మూడు నెలల గడువు దొరికింది. అందాకా అక్క కోసం మూలన ఒక పాత కంప్యూటరు ఉంచుతారు. ఆ తర్వాత కొత్త పుస్తకాల పని మొదలవుతుంది, పాతవన్నీ తీసేస్తారు. నిదానం అప్పటికి కొత్తదాంట్లోకి ఎక్కకపోతే అక్కకు దీర్ఘకాలిక సెలవు. పక్కన ఒక మనిషిని పెట్టుకుని నోటితో చెప్పి చేయించవచ్చుగా అని ఎడిటరుగారు అడక్కపోలేదు. "ఇక్కడ కామా తప్పండీ అంటాను. ఎందుకు తప్పండీ అంటారు. సాయంత్రం దాకా కామా దగ్గరే ఉంటాం," అని అక్క జవాబు చెప్పి వచ్చింది. తమ్ముడితో మాత్రం ఒకే ముక్క అంది. "సెలవులో పెట్టిన మనిషిని మళ్ళీ బయటికి తియ్యరురా. నన్ను ఇంట్లో కూర్చోబెట్టకు."

కొత్త కంప్యూటర్ల కోసం తిరిగి తయారుచేసిన నిదానాన్ని డెబ్బైలో పదకొండు కంపెనీలు అనుమానించాయి.

తమ్ముడు అర్జీలు పెట్టడం మొదలెట్టాడు. ఒక్కో కంపెనీకి ఒక్కో ఫారం. ఈ ప్రోగ్రాము ఏమిటి, ఎందుకు, ఎవరు రాశారు, ఎందుకు హాని లేదనుకుంటున్నారు. ప్రోగ్రాము మంచిదని చెప్పేలోపు తను మనిషినని రుజువు చేసుకోవాలి. సిగ్నల్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కండి, మెట్లున్న బొమ్మలన్నీ నొక్కండి. లిఫ్టు గది పైకెక్కి, చీకట్లో మోటారు పక్కన కూర్చుని, ఫోనులో మెట్ల బొమ్మలు ఏరుకునేవాడు. కొందరు వారానికి జవాబిచ్చారు, కొందరు మూడు వారాలకి. ఒక కంపెనీ అయితే, "ఈ వైరస్‌ను మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు" అని రాసి, అనుమానాన్ని కాస్తా ఖాయం చేసేసింది. ఓరి మీ దుంప తెగ, అనుకుని మళ్ళీ మొదటినుంచి రాశాడు.

పదకొండు ఏడయింది, ఏడు మూడయింది, ఐదోవారానికి ఒకటయింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు చెయ్యకూడని పని చేశాడు.

నిదానం తెరమీద "ఆపు" అనే బటను కుడివైపు ఒక వెంట్రుకవాసి తెగినట్టు కనిపించేది. రాసిన నాటినుంచి అలాగే ఉంది, ఎవరి కొంపా మునగలేదు. ఈ ఐదువారాల్లో రోజూ దాన్నే చూసీ చూసీ అతని చెయ్యి ఊరుకోలేదు. రెండు నిమిషాల పని, సరిచేసి, పాతదాని మీదే కొత్త ఫైలు పెట్టి, పరీక్షకు ఇచ్చాడు. డెబ్బైలో పద్నాలుగు.

వెంటనే సిస్టమ్స్ ఆయనకు ఫోను చేశాడు.

"ముట్టుకున్నారా?" అన్నాడాయన.

"ఒక్క బటనే అండీ."

"అయితే అది వేరే ఫైలండీ. పాతదానికి వచ్చిన మంచిపేరు దీనికి రాదు. ఎవడో కొత్తవాడు వచ్చినట్టే లెక్క."

"పోనీ బటను మళ్ళీ తెగ్గొట్టేస్తాను."

"తెగ్గొట్టినా లాభం లేదు. తయారైన టైము కూడా లోపల పడుతుంది కదా, అదీ కొత్తదే అవుతుంది. ఈసారి తయారైనదాన్ని తయారైనట్టే వదిలెయ్యండి, దణ్ణం పెడతా."

తమ్ముడికి ఇది మింగుడుపడలేదు. అతని పనిలో ముట్టుకోకపోవడమే తప్పు. ఏడాదిగా ఎవరూ చెయ్యి వెయ్యని లిఫ్టు ఎక్కాలంటే అతనే మెట్లవైపు చూస్తాడు. ఎవరో ఒకరు నెలనెలా విప్పి, తుడిచి, బిగించి, సంతకం పెడితేనే అది నమ్మదగిన లిఫ్టు. ఇక్కడేమో ఎవరి చెయ్యీ పడని ఫైలే నమ్మదగినదట. ఏం లోకమో ఏమో.

ఆ ఆదివారం తలొంచుకుని అక్కతో చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

"ఇంక నేను దాని జోలికి వెళ్తే నా చెయ్యి విరగ్గొట్టక్కా," అన్నాడు.

"ఏ చేత్తో విరగ్గొట్టమంటావురా?" అంది అక్క. బావ కూడా నవ్వాడు. ఎందుకో ముగ్గురూ ఒకేసారి నవ్వడం ఆపేశారు.

మళ్ళీ ఏడు వారాలు. పద్నాలుగు ఫారాలు, పద్నాలుగుసార్లు మెట్ల బొమ్మలు. అలసట అంటే నిద్రపోతే పోయే అలసట కాదది. ఏ తప్పూ చెయ్యలేదని ముక్కూ మొహం తెలియని వాళ్ళకి అదే మాట, అంతే మర్యాదగా, రోజూ చెప్పుకోవడం. ఒక్కోసారి రాస్తూ రాస్తూ, నిజంగానే ఈ ప్రోగ్రాములో తనకు తెలియని దొంగతనం ఏమైనా ఉందేమోనని అతనికే అనుమానం వచ్చేది.

ప్రతి ఆదివారం వెళ్ళి, ఎలా ఉందక్కా అని అడిగేవాడు. బానే ఉందిరా అనేది. ఒకసారి ఆఫీసులో ఆమె పనిచేస్తుంటే చూద్దామని వెళ్ళాడు. "నువ్వు వెనక నిలబడితే నాకు తప్పులు పడతాయి, పో," అని తరిమేసింది. ఇంకోసారి బావ ఏదో చెప్పబోతే అక్క ఒక్క చూపు చూసింది. బావ కుళాయి కట్టేశానో లేదో అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. తమ్ముడు పట్టించుకోలేదు. అతని బుర్రలో ఆ పూటకి ఆరు కంపెనీలు మిగిలి ఉన్నాయి.

గడువుకు నాలుగు రోజుల ముందు, గురువారం, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి తాడుకు నూనె రాస్తుంటే ఫోను మోగింది. ఆఖరి కంపెనీ. "మీ ఫైలును పరిశీలించాము. ఇది హానికరం కాదు." డెబ్బైలో సున్నా. అతనికి ఏడుపొచ్చింది. నూనె చేతుల్తో తుడుచుకోలేక అలాగే కాసేపు ఏడ్చాడు. అక్కకు ఫోను చేస్తే, "నిజంగానా?" అంది. తర్వాత, సరేరా, పని చూసుకో అని ఫోను పెట్టించేసింది. సంతోషమే అనుకున్నాడు.

సిస్టమ్స్ ఆయన మాట నిలబెట్టుకున్నాడు. సోమవారం పొద్దున్నే ఫైలు వేలిముద్ర జాబితాలోకి ఎక్కించి, అక్క బల్ల దగ్గరకు తనే వచ్చాడు. తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. పన్నెండు బల్లల పొడవాటి గది, కాగితం వాసన, ఎవరి పనిలో వాళ్ళు. తమ్ముడు ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు. ఎర్ర పెట్టె రాలేదు. ఉత్త హెచ్చరికకు వచ్చే పసుపు పెట్టె కూడా రాలేదు. ఏ గొడవా లేకుండా తెర అడుగున అక్షరాలు వరసగా వెలిగాయి.

"చూశారా!" అన్నాడు సిస్టమ్స్ ఆయన, సొంత బిడ్డ పాసైనంత సంబరంగా.

బావ పొద్దున్నే దిళ్ళు సర్ది వెళ్ళాడు. తమ్ముడు అక్క చేతిని స్పేస్‌బార్ మీదికి చేర్చాడు. "ఏదో ఒకటి కొట్టక్కా. ఆకు అని కొట్టు."

అక్క అతని ముఖంలోకి చూసింది. తర్వాత తెరకేసి తిరిగి, అచ్చుల వరస వెలగగానే నొక్కింది.

అఅఅఅఅఅ అని పడింది.

"ఆగు, చెరిపి మళ్ళీ కొట్టు," అన్నాడు తమ్ముడు. చెరపడానికి నొక్కింది. పడినవన్నీ పోయి, పైనున్న ప్రూఫులో ఒక వాక్యం కూడా సగం పోయింది. ఆమె మోచేతిని దిండు మీదనుంచి మొత్తంగా వెనక్కి ఈడ్చింది. అప్పుడు గానీ వేలు మీట మీదనుంచి జారలేదు.

అతనికి అర్థమైంది. వేలు లేవకపోతే, మళ్ళీ నొక్కినట్టు నిదానం లెక్కేసుకుంటోంది.

"నొక్కడం వస్తోందిరా," అంది అక్క మెల్లగా. "తియ్యడమే రావట్లేదు."

"ఎప్పటినుంచి?"

"ఐదు వారాలు."

"ఐదు వారాలా! మరి పాతదాంట్లో ఎలా చేస్తున్నావు?"

"ఇదిగో, ఇలాగే చెయ్యి మొత్తం లాక్కుంటూ. రోజుకి పద్నాలుగు పేజీలు చేసేదాన్ని, ఇప్పుడు రెండు. భుజం పడిపోతోంది."

"నాకెందుకు చెప్పలేదు?" గొంతు పెద్దదైంది. రెండు బల్లల అవతల ఎవరో తలెత్తారు.

"చెబితే మారుస్తావు. నువ్వు ఊరుకునే రకం కాదు. మారిస్తే మళ్ళీ ఆ పద్నాలుగు మంది. నా గడువు ఇవాళ్టితో సరి." ఆమె కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి, తుడుచుకునే దారి లేదు. తమ్ముడు తన చొక్కా చేత్తో తుడిచాడు.

ప్రోగ్రాములో ఐదు వాక్యాల మార్పు. మీట మీద వేలు ఉన్నంతసేపూ ఒక్కసారి నొక్కినట్టే లెక్క వెయ్యమని చెప్పడం, అంతే. పది నిమిషాలు చాలు, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. చేశాక అది ఎవడో కొత్తవాడు. ఇంకో ఏడు వారాలు. ఏడు వారాలకి సున్నా తెచ్చేసరికి ఈ వేలు ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరు? వాళ్ళకేమో మారని ఫైలు కావాలి. అక్క వారం వారం మారిపోతోంది. అతను ఎంత పరుగెత్తినా పోయిన నెల వేలికి సరిపోయే ప్రోగ్రామునే ఎప్పుడూ పట్టుకొస్తాడు. ఆ సంగతి తలకెక్కగానే అతను కుర్చీ కోసం వెతుక్కున్నాడు.

కుర్చీ సిస్టమ్స్ ఆయన తెచ్చి వేశాడు. సంబరమంతా పోయి ఆయన ముఖం మళ్ళీ నిద్రచాలనట్టయింది. "మార్చండి," అన్నాడు. "మార్చి పంపండి. ఈసారి సగం ఫారాలు నేను రాస్తాను. నా చేతిలోనే ఉంటే ఈ క్షణం పెట్టేసేవాణ్ణి, ఒట్టు."

"మరి ఇవాళ్టికి?" అన్నాడు తమ్ముడు.

ఇవాళ సాయంత్రానికి ఎడిటరుగారికి సైన్సు పుస్తకం మొదటి పాఠం అందాలి. అందితే కొత్త పుస్తకాల పనిలో అక్క ఉన్నట్టు, అందకపోతే లేనట్టు. సిస్టమ్స్ ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె కుడిచేతి పక్కన తన చెయ్యి పెట్టాడు. ఆమె వేలి కింద తన వేలు సగం దూర్చాడు.

"ఇలా కుదురుతుందా?"

అక్క రెండు వేళ్ళకేసీ చూసింది. "నొక్కేది నేను," అంది. "నువ్వు ఎత్తు, అంతే. ముందే ఎత్తావంటే ఊరుకోను."

"ఎత్తను."

ఆమె నొక్కింది. అతను ఎత్తాడు. వరస ఆగింది. ఆమె నొక్కింది, అతను ఎత్తాడు, అక్షరం పడింది. ఒక్కటే పడింది.

పాఠం గుండె గురించి. మనిషి గుండెలో మూడు గదులుంటాయని రాసుంది. "మూడు కప్పకి," అని అక్క విసుక్కుని, మూడు చెరిపి నాలుగు పెట్టించుకుంది. "గ్రీజు వాసన వేస్తున్నావురా." "పొద్దున సబ్బుతో కడిగాను." "నీ సబ్బూ నువ్వూ. కదలకు." మొదటి పేజీకి ముప్పావుగంట పట్టింది. రెండోదానికి ఇరవై నిమిషాలు. తమ్ముడి జేబులో ఫోను రెండుసార్లు మోగింది, ఎక్కడో లిఫ్టు ఆగిపోయి ఉంటుంది. తియ్యలేదు.

మూడో పేజీకి వచ్చేసరికి, ఆమె వేలెత్తాలనుకున్న క్షణం అతనికి తెలిసిపోతోంది. వేలు లేవదు గానీ, వేలి మొదట్లో ఎముక దగ్గర చిన్నగా, చర్మం కింద కదిలినట్టవుతుంది. అది తెలియగానే ఎత్తుతున్నాడు. ఎక్కడా తప్పు పడటం లేదు. "బాగా పట్టావే," అంది అక్క. చాలారోజుల తర్వాత ఆమె గొంతులో హుషారు వినిపించింది.

ఐదో పేజీలో ఒకసారి ఆ కదలిక రాలేదు. అతను ఎదురుచూశాడు. ఆరో పేజీలో రెండుసార్లు రాలేదు.

అక్క తెరనే చూస్తోంది, వేలి మొదట్లో కదలిక ఆగుతోందని ఆమెకు తెలిసినట్టు లేదు. తమ్ముడు చెప్పలేదు. తనే వేలు ఎత్తాడు, వెలుగు పక్క వరసలోకి వెళ్ళింది.